శాస్త్రరచనలో పర్యాయపదములు

తెలుగున నీటికి పేర్లు కొల్లలు. జలము, ఉదకము, తోయము, సలిలము - అన్నియు నీరే. పద్యము వ్రాయువానికి ఇది చిన్న భాగ్యము కాదు. ‘జలము’ మూడు లఘువుల నగణము, ‘తోయము’ భగణము. గణము కుదరనిచోట, యతి చెడినచోట ఒకటి తీసి వేరొకటి పెట్టుకొనవచ్చును. అమరకోశమును వల్లెవేసినవారికి ఈ సౌకర్యము బాగుగా తెలియును.

ఈ అలవాటు వచనమునకును ప్రాకినది. ఒకే మాటను వెంటవెంటనే వాడుట అందము కాదని బడిలో నేర్పుదురు. కథకు అది మంచి సలహాయే. భౌతికశాస్త్రమునకు మాత్రము చెరుపు చేయును. “ఎడ్లు బండిని బలముతో లాగును, ఆ శక్తి రెట్టింపైనచో” అని వ్రాసినవాడు మాటను మార్చితి ననుకొనును, నిజమునకు రాశినే మార్చినాడు. వాడుకలో బలము, శక్తి, సామర్థ్యము ఇంచుమించు ఒకటే. పాఠ్యపుస్తకమున బలమునకు కొలత న్యూటను, శక్తికి జౌలు, సామర్థ్యమునకు వాటు.

వడి, వేగములు ఇంతకన్న చిక్కైన జంట. నిఘంటువున రెండును ఒక్కటే. శాస్త్రమున వేగమునకు దిశ కలదు, వడికి లేదు. గుండ్రని బాటలో ఒకే వడితో తిరుగు బండికి వేగము క్షణక్షణము మారుచునే యుండును. ఈ వాక్యమున ఆ రెండు మాటలను తారుమారు చేసినచో అది శుద్ధ అబద్ధమగును. చదువరి చెవికి మాత్రము ఏ లోపమును కనబడదు!

రసాయనశాస్త్రమున చిక్కు మరియొక తీరుది. అచ్చట వస్తువు ఒకటే, పేర్లు మూడు: ఆక్సిజను, ఆమ్లజని, ప్రాణవాయువు. ‘ఆమ్లజని’ అనగా ఆమ్లమును పుట్టించునది. ఆమ్లములన్నిటను ఈ వాయువు ఉండునని లవోయిజర్ తలచి పెట్టిన పేరునకు ఇది అనువాదము. క్లోరిను మూలకమని 1810లో డేవీ ప్రకటించుటతో, హైడ్రోక్లోరికామ్లమున ఆక్సిజను లేదని తేలినది. పేరు మాత్రము మిగిలినది. ‘ప్రాణవాయువు’ వినుటకు ఇంపుగా నుండును గాని ఇనుము త్రుప్పు పట్టుటను చెప్పునప్పుడు అతుకదు. ఆక్సిజను అనుటయే మేలు. తక్కిన రెంటిని పాఠము మొదట ఒక్కసారి చెప్పి విడువవచ్చును. పాఠములో ఒక పేరు, ప్రశ్నపత్రములో మరియొక పేరు ఉన్నచో, జవాబు తెలిసిన పిల్లవాడును ఆ ప్రశ్నను వదలివేయును.