మాటే మంగళసూత్రం

ఆలూరు స్టేజీలో బస్సెక్కి పట్నం దిక్కు పోతుంటే చేవెళ్ల దాటాక మర్రిచెట్ల సందుల్లోంచి పెండ్లి బోర్డులు మొదలవుతాయి. మొయినాబాద్ వచ్చేసరికి ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు, ఫాంహౌసులు. లగ్గాల రోజుల్లో దారి పొడుగునా బంతిపూల కమానులు, జనరేటర్ల మోత. ఆ దారిలో పోయిన ప్రతిసారీ నాకు ఒక చిన్న దృశ్యం యాదికి వస్తుంది. గుడిలో పీఠం ముందు ఇద్దరు నిలబడి ఉంటారు, కుడిచేతిలో కుడిచెయ్యి వేసి. ఒకరి తర్వాత ఒకరు నాలుగు మాటలు పలుకుతారు. నిమిషం కూడా పట్టదు. కతోలిక తిరుసభ లెక్కలో పెండ్లంటే ఆ నిమిషమే. మిగిలిందంతా దానికి వేసిన పందిరి.

పెండ్లి చేసేదెవరని అడగండి, అందరూ ఫాదర్ గారనే చెబుతారు. మన లాటిన్ సంప్రదాయం చెప్పేది వేరు. ఏడు దివ్యసంస్కారాల్లో ఈ ఒక్కదాన్ని వధూవరులే ఒకరికొకరు ఇచ్చుకుంటారు. గురువు అడుగుతారు, వింటారు, తిరుసభ పేరిట ఆ మాటను స్వీకరిస్తారు. పక్కన ఇద్దరు సాక్షులుంటారు. 1563లో ట్రెంటు మహాసభ గురువూ సాక్షులూ ఉండి తీరాలని ఎందుకు శాసించింది? చాటున మాటిచ్చి, నలుగురిలో కాదనే మగవాళ్ల వల్ల ఆడపిల్లల బతుకులు ఆగమవుతున్నాయి కనుక. తిరుసభ చట్టం 1057వ నిబంధన ఇంకా గట్టిది: వధూవరుల సమ్మతే పెండ్లిని కడుతుంది, ఆ సమ్మతికి బదులుగా మరే మానవశక్తీ నిలవలేదు. తండ్రి కాదు, కులపెద్ద కాదు, పాపుగారు కూడా ఆ మాట వాళ్ల తరఫున పలకలేరు. కూలికి పోయే ఇంటి ఆడపిల్ల నోటిమాటకు ఇంత విలువ కట్టిన ధర్మం ఇది. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ మాట దగ్గరికి తీసుకుపోయే పనితనం చూడండి. గుడి వాకిట్లోనే గురువు ఎదురొచ్చి జంటను పలకరిస్తారు. లోపలికి పోయేటప్పుడు తల్లిదండ్రులూ సాక్షులూ ఇద్దరికీ తోడు నడవవచ్చని క్రమంలోనే ఉంది. వాక్యపఠనాలు, ప్రసంగం అయ్యాక మూడు ప్రశ్నలు. ఎవరి బలవంతమూ లేకుండా వచ్చారా? బతికినంతకాలం ఒకరినొకరు ప్రేమించి గౌరవిస్తారా? దేవుడిచ్చే బిడ్డలను ప్రేమతో స్వీకరించి క్రీస్తు బాటలో పెంచుతారా? వయసు మీరిన జంటకు ఆఖరిది అడగరు. స్వేచ్ఛ, విశ్వాసపాత్రత, సంతానం. ఈ మూడింట్లో ఏ ఒక్కదాన్ని మనసులో కావాలని తోసిపుచ్చినా పైకి పలికిన మాట చెల్లదు. మన పుస్తెకు వేసే మూడు ముళ్లను చాలామంది గురువులు త్రిత్వానికి గుర్తుగా చెబుతారు. నా మట్టుకు అవి ఈ మూడు జవాబులే.

తర్వాతే చేతులు కలిపి సమ్మతి పలకడం, ఆ తర్వాత ఉంగరాలు, పుస్తె. 1963లో రెండవ వాటికన్ మహాసభ ఆయా దేశాల మంచి పెండ్లి ఆచారాలను నిలుపుకొమ్మని చెప్పింది. మన గుళ్లలో సిలువ గుర్తున్న పుస్తెను ఆశీర్వదించి కట్టించడానికి ఆ మాటే అండ. దివ్యపూజలో పరలోక జపం కాగానే వచ్చే జంట ఆశీర్వాదం ఒక శిల్పం. ఆ జపం వెంట ఎప్పుడూ వచ్చే ప్రార్థనను పక్కన పెట్టి మరీ దానికి చోటిచ్చారు. పాత క్రమంలో అది ముఖ్యంగా వధువు కోసమే. 1969 క్రమం దాన్ని ఇద్దరిదీ చేసింది. 1991లో వచ్చిన రెండో కూర్పు, పవిత్రాత్మను ఈ ఇద్దరి మీద కుమ్మరించమనే వేడుకోలును చేర్చింది. రొట్టె, ద్రాక్షరసాల మీద గురువు చేతులు చాపినట్టే ఈ జంట మీద చాపుతారు. అక్కడ రొట్టె మారుతుంది, ఇక్కడ రెండు బతుకులు మారతాయి.

మన నేల మీద ఈ బోధ చరిత్ర క్లుప్తంగా చెప్తాను. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో జెస్విట్ గురువులు కర్ణాటక మిషన్ పేరుతో తెలుగు నేల మీద అడుగుపెట్టారు. మన హైదరాబాదు 1886లో మేత్రాసనమైంది, 1953లో అగ్రపీఠం. ఆ పీఠం మీదున్న పూల అంతోని గారు 2022లో తొలి తెలుగు కార్డినల్ అయ్యారు. ఊళ్లలో మాత్రం ఈ బోధను నిలబెట్టింది ఉపదేశులు. చదువు రాని జంటలకు సమ్మతి మాటలు కంఠతా వచ్చేదాకా చెప్పించిన వాళ్లు.

ఇక ఈ ప్రేమను లోతుగా చెప్పిన మహానుభావులను తలవకపోతే తప్పవుతుంది. బైబులులోని పరమగీతం ఎనిమిది అధ్యాయాల ప్రేమగీతం. పన్నెండో శతాబ్దంలో క్లేర్వో మఠాధిపతి పునీత బెర్నార్డు దాని మీద 86 ప్రసంగాలు రాశారు. పద్దెనిమిదేళ్లు రాసినా మూడో అధ్యాయం గడప కూడా సరిగా దాటలేదు, కన్నుమూశారు! తర్వాత గిల్బర్టు అనే సన్యాసి అందుకున్నారు, ఆయనా మధ్యలోనే పోయారు. ఫోర్డు మఠాధిపతి జాను మరో 120 ప్రసంగాలతో ముగించారు. ఒక ప్రేమపాట రుచి చూడటానికి మూడు జీవితాలు! ఆత్మకూ దేవునికీ మధ్య ప్రేమను చెప్పడానికి వాళ్లకు దొరికిన పోలిక సింహాసనం కాదు, పెండ్లి.

మన కాలపు దిట్ట రెండవ జాన్ పాల్ పాపుగారు. 1979 సెప్టెంబరు నుంచి 1984 నవంబరు దాకా బుధవారపు సభల్లో దేహం గురించి, దాంపత్యం గురించి 129 ప్రసంగాలు చేశారు. 1981 మే 13న తూటా తగిలి నెలల తరబడి ఆగి, మళ్లీ పట్టిన దారం తెగనివ్వలేదు. ఆయన చెప్పిన సారం ఇంతే: కంటికి కనబడని దేవుని ప్రేమను కనబడేలా చేసే శక్తి మనిషి దేహానికి ఉంది. దేహానికీ ఒక భాష ఉంది, ఆ భాషలోనూ అబద్ధం ఆడవచ్చు. బెనెడిక్టు పాపుగారు 2005 క్రిస్మస్ నాటి తన తొలి విశ్వలేఖలోనే కోరుకునే ప్రేమనూ ఇచ్చుకునే ప్రేమనూ విడదీయలేమని వాదించి గెలిచారు. ఫ్రాన్సిస్ పాపుగారు 2016లో కుటుంబ ప్రేమపై లేఖ రాస్తూ కొరింతీయుల లేఖలోని ప్రేమ అధ్యాయాన్ని ఒక్కో మాటే విప్పి ఇంటి వసారాలో పెట్టారు. ఇంట్లో నిలవాల్సిన మూడు మాటలు ఆయన ఎప్పుడూ చెప్పేవారు: కాస్త అడగడం, కృతజ్ఞత చెప్పడం, క్షమించమనడం. తెలుగులో ఇలాంటి లోతులను వాడుకమాటల్లోకి దించింది బైబులు భాష్యం సంపుటాల పూదోట జోజయ్య గారు. ఆయన పుస్తకం లేని విచారణ ఇల్లు నాకు వెలితిగా కనబడుతుంది.

పెండ్లి ఒట్టి ఒప్పందం కాదు, బైబులు మాటలో నిబంధన. ఒప్పందంలో వస్తువులు చేతులు మారతాయి. నిబంధనలో మనుషులు తమను తామే ఇచ్చుకుంటారు. హోషేయ ప్రవక్త తనను విడిచిపోయిన భార్యను మళ్లీ తెచ్చుకున్నది, దేవుడు తన ప్రజను విడువడని చూపడానికి. పౌలు గారు ఎఫెసీయులకు రాసిన లేఖలో భర్తకు పెట్టిన కొలత క్రీస్తు సిలువ. అందుకే ఈ ముడి విప్పరానిది. దీన్ని కాఠిన్యమనే వాళ్లతో నేను ఎంతసేపైనా వాదిస్తాను. దెబ్బలు తింటూ ఒకే ఇంట్లో పడి ఉండమని తిరుసభ ఎవరికీ చెప్పలేదు. ప్రాణానికో మనసుకో ప్రమాదమైతే వేరుగా ఉండవచ్చని 1153వ నిబంధన తేటగా చెబుతుంది. అసలు సమ్మతే చెల్లనిదైతే విచారించి చెప్పే న్యాయస్థానం ఉంది. చెల్లిన మాటను మాత్రం వెనక్కి తీసుకోనివ్వదు, ఎందుకంటే దేవుడు తన మాటను వెనక్కి తీసుకోడు.

ఇంతటి దాన్ని మనం ఏం చేస్తున్నాం? ఈ మధ్య తపస్సుకాలానికి ముందు ఒక చుట్టాల పెండ్లికి పోయాను. సమ్మతి వేళకు గురువుకూ జంటకూ మధ్య నలుగురు కెమెరావాళ్లు దూరారు. పిల్లవాడు పలికిన మాట డ్రోన్ రొదలో కలిసిపోయింది. పిల్ల పెదవులు కదలడం చూశాను, మాట వినలేదు. పుస్తె కట్టాక ఫొటోగ్రాఫర్ చెయ్యి ఊపి, "సార్, మళ్లొకసారి కట్టండి, ఫ్రేమ్ రాలేదు" అన్నాడు. పిల్లవాడు ముడి విప్పబోయాడు! నా గుండె తరుక్కుపోయింది.

రిసార్టుల్లో ఇప్పుడు చర్చి పెండ్లి అని ఒక సెట్టు వేస్తున్నారు. తెల్లగౌను, పూల దర్వాజా, ముద్దుకు అనుమతిచ్చే డైలాగు. ఆ డైలాగు మన క్రమంలో ఎక్కడా లేదు, సినిమాల నుంచి వచ్చింది. కతోలికుల పెండ్లి విచారణ గుడిలో జరగాలన్నది 1118వ నిబంధన. వేరే చోటికి అనుమతి కావాలి. నకలు చూసి నకలు చేసుకునే మన పిల్లలను ఏమనాలి? సన్నాహ తరగతులు సర్టిఫికెట్టు కోసం సంతకాలయ్యాయి. మూడు ఆదివారాల చాటింపులు ఎవరి చెవికీ ఎక్కడం లేదు. అన్నిటికంటే ఘోరం కట్నం. తనను తానే ఇచ్చుకోవాల్సిన చోట ధర అడిగినవాడు, బలవంతమేమీ లేదని పీఠం ముందు ఏ నోటితో పలుకుతాడు?

గురువులకు నా వినతి ఒక్కటే: ఆ నిమిషం కెమెరాలను బల్లల వెనక్కి పంపండి. తల్లిదండ్రులారా, బట్టల కొలతలకు పెట్టే శ్రద్ధలో సగం ఆ మాటల అర్థానికి పెట్టించండి.

మా ఆలూరు వైపు ఒక ముసలి జంట ఉండేది. ఆమెకు చూపు పోయింది. పొద్దున్నే కూరగాయల మూటలు రోడ్డు మీదికి చేర్చి వచ్చి ఆయనే ఆమెకు తల దువ్వి జడ వేసేవాడు. వంకర పాపిట తీసి, మళ్లీ చెరిపి, సరిగ్గా తీసేవాడు. ఒకనాడు పెండ్లినాటి ముచ్చట అడిగితే నవ్వాడు. "సిగ్గుకు నోట్లనే అన్న బిడ్డా. సామి ఊకోలే. మల్ల చెప్పు, ఎనక బల్లలోల్లకు ఇనబడాలె అన్నడు. మల్ల గట్టిగ చెప్పిన."

పాపిట తడిమి చూసుకుంటూ ఆమె అన్నది: "రెండుసార్లు ఇన్న నేను."