మంచం కోడు కింద రెండు కందకాలు

మందు లేదు, ఎర లేదు, కరెంటుతో పని లేదు. జానెడు వెడల్పున్న ఒక ప్లాస్టిక్ గిన్నె, దాని నడుమ ఇంకో చిన్న గిన్నె. మంచం కోడు నడిమి గిన్నెలో నిలబడుతుంది, చుట్టూ వలయంగా ఖాళీ ఉంటుంది. అమెరికాలో ‘క్లైంబప్’ అనే పేరుతో అమ్మే నల్లుల ఉచ్చు ఇంతే. నల్లుల బెడద గురించి చదివినకొద్దీ, చూసినకొద్దీ, ఈ గిన్నె చేసినవాళ్ల మీద నాకు గౌరవం పెరుగుతూ వచ్చింది.

చేత్తో తడిమితే దాని తెలివి తెలుస్తుంది. బయటి గోడ గరుకు. లోపలి గోడలు నున్నన, పైగా వాటి మీద పలచగా టాల్కం పొడి. నల్లికి రెక్కలు లేవు, గెంతడం రాదు. దానికి తెలిసిందల్లా నడక. ఒక్కో పాదం చివర రెండు కొక్కేల్లాంటి గోళ్లుంటాయి. గరుకు దొరికితే ఆ గోళ్లతో ఎంత ఎత్తయినా ఎక్కేస్తుంది, నున్నటి చోట నిలదొక్కుకోలేదు. అందుకే ఉచ్చు బయటి గోడ దానికి మెట్లు వేసినట్టు పనిచేస్తుంది. గదిలోంచి వచ్చిన నల్లి నిశ్చింతగా ఎక్కి, అంచు దాటి, జారి బయటి కందకంలో పడుతుంది. ఇక పైకి రాలేదు. మంచం మీంచి కోడు వెంట దిగి వచ్చింది నడిమి గిన్నెలో ఆగిపోతుంది. కోడు పట్టుకుని మళ్లీ మంచమెక్కుతుందేమో గానీ గోడ దాటి గదిలోకి మాత్రం పోలేదు.

ఈ రెండు గుంటల ఏర్పాటే నన్ను కట్టిపడేసింది. పొద్దున్నే వంగి చూస్తే, నల్లి ఉందని తెలియడమే కాదు, ఎటునుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. బయటి కందకంలో ఎక్కువ పడితే సోఫానో, గోడ బీటలో, తలుపు చట్రమో వెతకాలి. నడిమి గిన్నెలో పడితే పరుపు కుట్లు, పట్టెల అతుకులు విప్పాలి. మందు ఎక్కడ కొట్టాలో తెలియక ఇల్లంతా తడిపేసే పనివాడికీ, చోటు తెలిసి పని చేసేవాడికీ ఉన్న తేడా అదే.

వెతకడం కష్టం కాబట్టే ఇది ఇంత విలువైంది. నల్లి ఐదు పది నిమిషాల్లో కడుపు నింపుకుని, రోజుల తరబడి బయటికి రాదు. వీపుకూ కడుపుకూ రెండువైపులా ఏదో ఒకటి ఆనుతుండాలి దానికి, అందుకే ఇరుకు సందులంటే అంత ఇష్టం. గుడ్డు మిల్లీమీటరు పొడవు, చెక్కకు జిగురుతో అంటుకుని ఉంటుంది. పిల్ల పెద్దదయ్యేలోపు ఐదుసార్లు కుబుసం విడుస్తుంది, విడిచిన ప్రతిసారీ ముందు రక్తం తాగాలి. ఎదిగిన నల్లి తిండి లేకుండా నెలలు బతుకుతుంది. ఇల్లు ఖాళీ చేసి తాళం వేస్తే చచ్చిపోతాయనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టే తెలుస్తుంది. మనిషి ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువూ, ఒంటి వెచ్చదనమూ దాన్ని సందులోంచి రప్పిస్తాయి. అంటే ఈ ఉచ్చుకు ఎర మంచం మీద నిద్రపోయే మనిషే.

అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఒక ఎత్తైన అపార్ట్‌మెంట్ భవనాన్ని పరిశోధకుడు చాంగ్లు వాంగ్, ఆయన సహచరులు పరిశీలించి 2010లో వివరాలు ప్రచురించారు. నల్లులు మొదటిసారి అడుగుపెట్టిన 41 నెలల్లో ఆ భవనంలో 45 శాతం ఇళ్లకు పాకాయి. నల్లులున్న ఇళ్లలో మాట్లాడిన వారిలో సగం మందికి ఆ సంగతే తెలియదు! కుట్టిన దద్దురు అందరికీ రాదు మరి. వీధి తలుపు దగ్గర పెట్టిన ఉచ్చుల్లోనూ నల్లులు పడ్డాయి, అంటే వరండాల మీదుగా ఇంటింటికీ నడుస్తున్నాయన్నమాట. పక్కింటిని వదిలేసి ఒక్క ఇంట్లో మందు కొట్టించడం డబ్బు దండగ అని యజమానులను ఒప్పించడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. మందుల సంగతి చెప్పుకోవాలంటే, పెర్ల్ హార్బర్ బారకాసుల్లో నల్లులు 1947 నాటికే డీడీటీకి లొంగడం మానేశాయి. ఇవాళ పైరెత్రాయిడ్లకూ చాలాచోట్ల అదే గతి పట్టింది. వేడి నమ్మకమైన ఆయుధమే గానీ, 48 డిగ్రీల దగ్గర గుడ్లు చావడానికి గంటకు పైగా పడుతుంది, ఆ వేడి సందు లోపలిదాకా చేరాలి.

పాదాన్ని పట్టుకునే ఆలోచన అమెరికా గిన్నెతో మొదలు కాలేదు. బాల్కన్ దేశాల పల్లెల్లో రాత్రిపూట మంచం చుట్టూ బీన్స్ ఆకులు పరిచేవారు, తెల్లారాక వాటిని నల్లులతో సహా తగలబెట్టేవారు. ఆకు మీద కంటికి కనిపించని కొక్కేల నూగు ఉంటుంది. కొన్ని అడుగులు వేసేలోపే ఆ కొక్కెం నల్లి పాదంలో దిగబడుతుంది, పెనుగులాడేకొద్దీ మిగతా కాళ్లూ చిక్కుతాయి. కాలిఫోర్నియా, కెంటకీ పరిశోధకులు అసలు ఆకునే అచ్చుగా వాడి కృత్రిమ ఆకు పోతపోశారు. 2013లో వెలువడిన ఆ ఫలితం నన్ను ఆశ్చర్యపరిచింది. రూపం అచ్చు దిగింది, నల్లి కాలు కాసేపు తగులుకుంది కూడా. కానీ కొక్కెం దిగబడలేదు, నల్లి విడిపించుకుని పోయింది. ఆకారం ఒక్కటే సరిపోదు, పదార్థంలోనూ పనితనం ఉండాలి.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది వేరే జాతి, ఉష్ణమండలపు నల్లి. అమెరికా నల్లిని నిలువరించిన నున్నటి గోడలను అది ఎక్కి బయటపడుతోందని 2017లో మలేసియా పరిశోధకులు చూపించారు. దాని కాలిపిక్క చివరన అంటుకునే సన్నని వెంట్రుకలు ఎక్కువ. కాబట్టి మన నల్లికి తగిన గిన్నె చేసేవాళ్లు గోళ్ల గురించి కాక ఆ వెంట్రుకల గురించి ఆలోచించాలి, ఏ పూత మీద అవి పట్టు తప్పుతాయో కనుక్కోవాలి. కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టిన మన పెద్దవాళ్లు సగం దారి అప్పుడే నడిచారు. అయితే ఏ గిన్నె పెట్టినా మంచాన్ని గోడకు బెత్తెడు దూరం జరపాలి, దుప్పటి కొస నేలకు తగలనివ్వకూడదు. లేకపోతే నల్లి కోడు వైపే రాదు.