పాత పెట్టెకు గొంతు తెచ్చేవాళ్లు

అటక మీంచి దించిన వాల్వు రేడియోను చూడగానే ఎవరికైనా ప్లగ్గు పెట్టెయ్యాలనిపిస్తుంది. పని తెలిసినవాడు పెట్టడు. ముందు వెనక అట్ట విప్పి, దుమ్ము దులిపి, ఎలకలు కొరికిన వైర్లేమైనా ఉన్నాయేమో చూస్తాడు. ఆ తర్వాతా నేరుగా కరెంటు ఇవ్వడు. మధ్యలో 100 వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో కలుపుతాడు. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. ఇంత చవకైన కాపలాదారు వేరే ఏ వృత్తిలోనైనా ఉన్నాడా అని నా అనుమానం.

రోగం చాలాసార్లు కండెన్సర్లదే. ఎలక్ట్రోలిటిక్‌లు ఎండిపోతే స్పీకరు గుర్రుమంటుంది. కాగితపువి లీకైతే ఔట్‌పుట్ వాల్వు వేడెక్కి చస్తుంది. ప్లగ్గు పీకినా కండెన్సర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి నిలిచి ఉండొచ్చు. డిశ్చార్జి చెయ్యకుండా చెయ్యి పెట్టకూడదు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది స్పీకరు పని. కోన్ చుట్టూ ఫోమ్ అంచున్న స్పీకర్లలో ఆ అంచు 15, 20 ఏళ్లకే పొడిపొడిగా రాలిపోతుంది. కొత్తది అతికించడం పెద్ద కష్టం కాదు. కోన్‌కు అతికి ఉండే తీగచుట్టను, అంటే వాయిస్ కాయిల్‌ను అయస్కాంతపు సందులో సరిగ్గా నడిమధ్య నిలపడమే అసలు విద్య. వెంట్రుకవాసి జరిగినా గరగరే. అందుకే పాత ఫిల్ము ముక్కల్ని సన్నగా కత్తిరించి కాయిల్ లోపల చుట్టూ దోపి, జిగురు బాగా ఆరాక లాగేస్తారు. ఈ పనిలో తొందరపాటుకు మందు లేదు.

విడిభాగాలకు హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. మీ ఇంట్లో మూగపోయిన సెట్టుంటే తూకానికి వెయ్యకండి, ముందొకసారి తెలిసినవాడికి చూపించండి.