గీత బరువు: జింకు బ్లాకు నుంచి వెబ్ పేజీ దాకా తెలుగు బొమ్మ

తెలుగు పత్రికల్లో కథకు వేసే బొమ్మ గీత మీద నిలబడిన కళ. రంగు, నీడ, లోతు తర్వాత వచ్చి చేరినవే. ఇందుకు చిత్రకారుల అభిరుచి ఎంత కారణమో అచ్చాఫీసూ అంతే కారణం. సీసపు అక్షరాల కాలంలో బొమ్మను అచ్చు వేయాలంటే జింకు రేకు మీద బ్లాకు చేయించాలి. నలుపు తెలుపుల గీతబొమ్మకు లైన్ బ్లాకు చాలు. నీడలున్న బొమ్మకైతే చుక్కల హాఫ్‌టోన్ బ్లాకు కావాలి. దానికి ఖర్చెక్కువ. పైగా ముతక న్యూస్‌ప్రింటు మీద చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఎంత చక్కని ముఖమైనా మసిపట్టిన లాంతరు చిమ్నీలా వచ్చేది. అందుకే పత్రికలు గీతను కోరాయి, చిత్రకారులు గీతకు పదును పెట్టారు. వెబ్ పేజీకి బొమ్మలు వేసేవారికి ఇది పనికొచ్చే సంగతి. ఫోటోలాంటి బొమ్మ వందల కిలోబైట్లు తూగే చోట, నాలుగు గీతలతో కట్టిన వెక్టర్ బొమ్మ అందులో చిన్న వంతుతో సరిపెట్టుకుంటుంది. ఎంత పెద్దది చేసినా దాని అంచు చెదరదు. జింకు రేకు మీద నెగ్గిన గుణమే ఫోను తెర మీదా నెగ్గుతోంది.

ఈ గీత తత్వం బాపు చేతిలో పూర్తిగా విప్పుకుంది. నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ (1933–2014) లా చదివి, కార్టూన్లు, కథలకు బొమ్మలు, ముఖచిత్రాలు వేసి, 1967లో ‘సాక్షి’తో సినిమా దర్శకుడై, సినిమాల్లో కూడా ముందు బొమ్మ గీసుకుని తర్వాతే కెమెరా పెట్టిన మనిషి. ఆయన గీత సన్నగా మొదలవుతుంది, భుజం దగ్గరో నడుం దగ్గరో వంపు తిరిగేచోట లావెక్కుతుంది, చివర మళ్ళీ వెంట్రుకవాసి అయిపోతుంది. జడ ఒక్క లాగులో దిగుతుంది. నీళ్ళబిందె బరువు బిందె మీద వేసిన నీడలో ఉండదు, దాన్ని మోస్తున్న నడుం వంపులో ఉంటుంది. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగును తలుచుకోగానే పాఠకుడికి ముందు కనబడేది బాపు గీసిన పిల్లాడే. ఆ పిల్లాడిలో లెక్కపెడితే గీతలు ఎన్నో ఉండవు. ఏ గీత మానేయాలో తెలియడమే అక్కడి విద్య. కొలను గీయకుండా ఒక్క తామరాకుతో కొలనంతా చూపించడం, గోడ గీయకుండా ఒక్క గుమ్మంతో ఇల్లు కట్టేయడం ఆయనకు నిత్యకృత్యం. కలంతో వేశారా, కుంచెతో వేశారా అని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. తేలాల్సిన అవసరమేమీ లేని వాదన అది.

ప్రభావాల మాటకొస్తే, తమిళ పత్రికల చిత్రకారుడు గోపులు మీద బాపుకున్న గౌరవం అందరికీ తెలిసిందే. పక్కకు తిరిగిన ముఖంలోనూ కన్ను నిండుగా తెరుచుకుని ఉండడం చూస్తే తోలుబొమ్మ గుర్తుకొస్తుంది. ఈ ప్రభావాలను ఆయన తిరగరాసుకున్నారే తప్ప ఎత్తిరాయలేదు. తర్వాతివారిలో గీతను సొంతం చేసుకున్నవారు లేకపోలేదు. చంద్ర గీతకు ఒక గరుకుదనం ఉంది. మోహన్ పోస్టర్లలో, కార్టూన్లలో గీత చేయెత్తి నినాదం ఇస్తున్నట్టుంటుంది.

అయితే బాపు సాధించినవాటిలో వెబ్ రూపకర్తకు అన్నిటికంటే విలువైనది బొమ్మ కాదు, బొమ్మ పక్కన ఉన్న అక్షరం. శీర్షికనూ ఆయనే రాసేవారు. ఆ అక్షరాలు గీసిన గీటు మీద బుద్ధిగా కూర్చోవు. ఒకటి కాస్త ఎగురుతుంది, ఒకటి పక్కదాని మీద వాలుతుంది. తలకట్టు విసురుగా లేస్తుంది. జడలో ఉన్న లావు సన్నాలే కొమ్ములోనూ వత్తులోనూ ఉంటాయి. బొమ్మా అక్షరమూ ఒకే చేతి నుంచి దిగడం వల్ల పేజీ అంతా ఒక్క మనిషి మాట్లాడుతున్నట్టుండేది. వెబ్ రూపకల్పనలో బొమ్మను కలపడం అంటే అసలు అర్థం ఇదే. ఖాళీ చోటు కనబడితే అందులో ఒక బొమ్మ అతికించడాన్ని కలపడం అనరు.

వడ్డాది పాపయ్య (1921–1992) దారి వేరు. వపా సంతకం పెట్టిన ముఖచిత్రాలు, ముఖ్యంగా ‘చందమామ’, ‘యువ’ల కోసం వేసినవి, రంగులో మునిగిన బొమ్మలు. వెలుగు ఎక్కడి నుంచో రాదు, మనుషుల ఒంట్లోంచే పుట్టుకొస్తున్నట్టుంటుంది. వపా గొప్పా, బాపు గొప్పా అనే తగవు తెలుగిళ్ళలో పాతదే. తెర మీద మాత్రం తీర్పు బాపు వైపే మొగ్గుతుంది. వపా రంగుల పొరలు రెండంగుళాల ఫోను బొమ్మలో పేలవమైపోతాయి. బాపు గీత గోరంత చేసినా బాపు గీతే.

‘చందమామ’ నేర్పిన పాఠం ఇంకొకటి ఉంది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రిక క్రమంగా పన్నెండుకు పైగా భాషల్లో వచ్చింది. బొమ్మలు అన్నిటికీ అవే, అక్షరాలు మాత్రం మారేవి. తెలుగులో గుండ్రంగా ముగిసే వాక్యం తమిళంలో నాలుగు మాటలు సాగవచ్చు, హిందీలో తలగీతల వరుసగా మారవచ్చు. అయినా పేజీలో బొమ్మ ఇరుకున పడకూడదు. చిత్రా, శంకర్ వంటివారు ఈ చట్రంలోనే నెలనెలా పనిచేశారు. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టి నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌ది. కె.సి. శివశంకరన్ అనే ఆ శంకర్ 2020లో తొంభై ఆరేళ్ళ వయసులో పోయారు. ఆ బొమ్మ ఏ లిపి పక్కన పెట్టినా చెల్లింది. నేడు ఒకే పేజీ ఫోనులో ఒకలా, కంప్యూటరులో మరొకలా సర్దుకోవాలంటూ వెబ్‌వాళ్ళు పడే తిప్పలను ‘చందమామ’ ఆఫీసు సీసపు అక్షరాలతోనే పడింది.

తెరను పైకి జరుపుకుంటూ కథ చూడడం కూడా ఈ నేలకు కొత్త కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాలు మూడడుగుల వెడల్పుతో పదుల అడుగుల పొడవున సాగుతాయి. ఎర్రని నేల మీద అడ్డపట్టీలుగా కథ ఒక్కో ఘట్టం దిగుతుంది. కథకుడు పాడుతూ పటాన్ని కొంచెం కొంచెం విప్పుతాడు. ఇక్కడ గమనించాల్సింది పట్టీల మధ్య పూల అంచు. అది ఒక ఘట్టం ముగిసిందని చెబుతుంది, పాటగాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. వెబ్‌లో పొడుగాటి సచిత్ర కథనాలు చేసేవారు చాలామంది ఈ ఊపిరినే మరిచిపోతారు. బొమ్మ మీద బొమ్మ జారిపోతూ ఉంటుంది, కన్ను ఎక్కడా ఆగదు.

ఇక పని పద్ధతి. స్టైలస్‌తో టాబ్లెట్ మీద గీసినప్పుడు చేతి ఒత్తిడిని బట్టి గీత లావూ సన్నమూ అవుతుంది. చిక్కు దాన్ని వెక్టర్‌గా మార్చేటప్పుడు వస్తుంది. వెబ్‌లో వాడే ఎస్‌వీజీ రూపంలో ‘స్ట్రోక్’ అనే గీతకు మొదటి నుంచి చివరి దాకా ఒకటే మందం. బాపు తరహా గీత దానితో రాదు. గీతను గీతగా కాక, రెండు అంచుల మధ్య నలుపు నింపిన సన్నని ఆకారంగా కట్టాలి. సాఫ్ట్‌వేర్ చేతికి వదిలేసి ‘ఆటో ట్రేస్’ నొక్కితే అది అక్కర్లేని చోట్లా బిందువులు గుచ్చి, నున్నని వంపును మొటిమల మయం చేస్తుంది. పనిమంతులు బిందువులను చేత్తో ఏరి తగ్గిస్తారు. ఒక మోచేతి వంపుకు రెండో మూడో చాలు. గీత కళ్ళెదుటే గీస్తున్నట్టు కదలాలంటే మరో కిటుకు ఉంది. అసలు గీత మధ్యగా ఒక లావుపాటి సమమందపు గీతను ముసుగుగా వేసి, ఆ ముసుగును నడిపిస్తే, లోపలి లావు సన్నాల గీత క్రమంగా బయటపడుతుంది. చూసేవాడికి కలం నడుస్తున్నట్టే ఉంటుంది.

చీకటి తెర ఇంకో పరీక్ష. నల్లగీత నల్లని నేపథ్యంలో మాయమవుతుంది కాబట్టి గీత రంగు పక్కనున్న అక్షరాల రంగుతో పాటే మారేలా ఏర్పాటు చేస్తారు. అంతటితో ఆపితే ముఖం ఫోటో నెగెటివ్‌లా తయారై, కంటి తెల్లగుడ్డు నల్లబడుతుంది. కళ్ళకూ పళ్ళకూ అడుగున తెలుపు విడిగా నింపి ఉంచాలి. కాగితం మీద ఉచితంగా వచ్చిన తెలుపును తెర మీద గీసి సంపాదించుకోవాలన్నమాట.

అక్షరం దగ్గర తెలుగు లిపి తన షరతులు తాను పెడుతుంది. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు చాలదు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటల్లో వత్తు కింద వత్తు దిగి, కింది వరుసలో గుడికి తగులుతుంది. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు పైగానే ఎడం ఉంటే గానీ వరుసలకు ఊపిరాడదు. వాలు అక్షరాలు తెలుగు అచ్చు సంప్రదాయంలో లేవు. ఫాంటులో లేని వాలును బ్రౌజరు బలవంతాన తెస్తే గుండ్రని ‘ర’ కూడా గాలికి ఒరిగిన తాటిచెట్టవుతుంది. పెద్దబడి అక్షరాలు లేవు గనుక శీర్షికను వేరు చేసేది పరిమాణమో, రంగో, రాత తీరో కావాలి. బొమ్మ ఆకారం చుట్టూ వాక్యాలు ప్రవహించేలా చేసే సౌకర్యం ఇంగ్లీషులో ముచ్చటగా ఉంటుంది. తెలుగు మాటలు పొడుగు. ఇరుకు సందులో అవి విరగక, పట్టక, మధ్య గుంతలు వదులుతాయి. ఫోనులో ఆ సరదా మానుకోవడమే మంచిది.

ఫాంట్ల కరువు మునుపటంత లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లతో యూనికోడ్ తెలుగుకు ఒక కుదురు వచ్చింది. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, లక్కిరెడ్డి వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. జాన్ హడ్సన్, ఫియోనా రాస్‌ల పేరుతో ఉన్న టిరో తెలుగు కావ్యాల మర్యాద తెలిసిన అక్షరం. అనెక్ తెలుగు మందాన్నీ వెడల్పునూ కావలసినట్టు మార్చుకోనిస్తుంది. ఒకే శీర్షిక ఫోనులో కుదించుకుని, పెద్ద తెర మీద ఒళ్ళు విరుచుకోగలదు. చిత్రకారుడి గీత మందాన్ని చూసి దానికి తగిన అక్షర మందాన్ని ఎంచుకోవడం ఇప్పుడు చేతిలో ఉన్న పనే.

చిత్రకారుడూ వెబ్ రూపకర్తా ఒక ఒరలో ఇమిడిన సందర్భాల్లో అమెరికాలోని ‘ఎ లిస్ట్ అపార్ట్’ పేరు వెబ్‌వాళ్ళు తరచూ చెబుతారు. 2005లో జేసన్ శాంటా మరియా ఆ వెబ్ పత్రికకు కొత్త రూపం ఇచ్చినప్పుడు బొమ్మలు కెవిన్ కార్నెల్‌వి. రంగు పొదుపు, గీతలో చమత్కారం, వ్యాసాలకు ఒకే చేతి బొమ్మలు. తెలుగు పాఠకుడికి అందులో వింత ఏముంది? ఒక పత్రికకు ఒక చేతివాటం ఉండడం ఇక్కడ ఇంటి అలవాటు.

ఆ అలవాటే తప్పిపోయింది. నేటి తెలుగు వెబ్ పేజీల్లో ఎక్కువ భాగం అరువు టెంప్లేట్లు. పల్లెటూరి కథ పక్కన మెడకు మఫ్లర్ చుట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్న ముఖంలేని మనుషుల రెడీమేడ్ వెక్టర్లు ఉంటాయి. గోదావరి ఒడ్డున మఫ్లర్ ఎందుకో ఎవరూ అడగరు. శీర్షికకు బాపు అక్షరం కావాలన్న ముచ్చటతో, యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటులో కొట్టి, దాన్ని బొమ్మగా అతికిస్తారు. ఆ శీర్షిక వెతికితే దొరకదు, చూపు లేనివారి స్క్రీన్ రీడర్‌కు వినిపించదు, పెద్దది చేస్తే అలుక్కుపోతుంది. ఫాంటు ఫైలు బరువన్న సాకు నిలవదు. శీర్షికలో వచ్చే అక్షరాలూ వాటి వత్తులూ మాత్రమే ఉంచి ఫైలును చిక్కించే పనిముట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి.

దానికంటే పెద్ద అన్యాయం బాపు పేరుతో జరుగుతోంది. శుభలేఖల మీద, చీరల ప్రకటనల మీద, పండగ గ్రీటింగుల్లో చెంపకు చేరడేసి కళ్ళు, మోకాలి దాకా జడ, చేతిలో తామరపువ్వు ఉంటే చాలు, ‘బాపు బొమ్మ’ అని చలామణీ అయిపోతుంది. సామాను ఎత్తుకొచ్చారు, గీతను అక్కడే వదిలేశారు. ఆ జడ ఎక్కడ లావెక్కాలో తెలియక, మొదలు నుంచి చివరి దాకా కొబ్బరితాడులా వేలాడుతుంది. ఇప్పుడు కృత్రిమ మేధ వంతు వచ్చింది. ‘బాపు శైలిలో’ అని ఒక మాట టైపు చేసి, క్షణంలో వచ్చినదాన్ని పత్రికలు సైతం వాడేస్తున్నాయి. వేళ్ళు లెక్క తప్పినా సర్దుకుంటున్నారు. వెనక గోడ మీద తెలుగు అక్షరాన్ని పోలి, ఏ అక్షరమూ కాని మెలికలు తిరిగి ఉన్నా ఎవరికీ పట్టడం లేదు. అదే పేజీకి వ్యాసం రాసినవారికి పేరు ఉంటుంది. బొమ్మ దగ్గర మాత్రం పేరుండాల్సిన చోటు ఖాళీ. బొమ్మ వేసే పిల్లలు ఊరూరా ఉన్నారు, వారికి కట్టాల్సిన సొమ్మూ ఒక ప్రకటనలో వచ్చేదే. సంపాదకులు ఒక్క సంచికకైనా ఒక్క చేతికి పేజీ అంతా అప్పజెప్పి చూడాలి.

సంతకం మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అచ్చు బొమ్మలో బాపు, వపా పేర్లు ఒక మూల నుంచి పలకరించేవి. బ్లాకులోనే ఉండేవి గనుక వాటిని తీసేయడం తేలిక కాదు. వెబ్‌లో బొమ్మను చతురస్రంగా కత్తిరించే యంత్రం మొదట తినేసేది ఆ మూలనే. ఎస్‌వీజీ ఫైలు లోపల శీర్షికకూ వివరణకూ విడిగా గడులుంటాయి. బొమ్మలో ఏముందో స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది అక్కడి నుంచే. చిత్రకారుడి పేరు ఆ గడిలో ఒకసారి, బొమ్మ కింద చదవగలిగిన అక్షరాల్లో ఇంకోసారి రాస్తే, మూల కత్తిరించినా పేరు పోదు.