నీడలో ఒక ముక్క ఆకాశం

పెన్సిల్వేనియాలో మేముండే వైపు ఏ వీధిలోకి వెళ్లినా ఒకరిద్దరి ఇళ్ల ముందు అద్దపు గోళం కనిపిస్తుంది. పచ్చిక మధ్యలో నడుమెత్తు సిమెంటు దిమ్మె, దానిమీద తళతళలాడే నీలం గాజు గోళం. గేజింగ్ బాల్ అంటారు. నాకు వాటిమీద చాలా ఇష్టం. ఆ ఇష్టంతోనే చెబుతున్నాను, వాటిని అక్కడ పెట్టకూడదు.

పచ్చిక మధ్యలో ఉన్న గోళానికి చూపించడానికి ఏముంటుంది? కింద గడ్డి, పైన ఆకాశం, ఓ పక్క వంగిపోయిన ఇల్లు, వాకిట్లో కారు. దగ్గరికి వెళితే మన ముఖం, అందులో సగం ముక్కే. అదే గోళాన్ని నేలకు దించి, చెట్టు నీడ పడేచోట, ఫెర్న్‌ల మధ్య కూర్చోబెట్టి చూడండి. చుట్టూ ఉన్న ఆకులన్నీ దాని అంచుల్లోకి ముడుచుకుంటాయి. కొమ్మల సందులోంచి కనిపించే కాస్త ఆకాశం పైభాగాన చిన్న మడుగులా నిలుస్తుంది. ఎండ సోకని మూలకు ఏ పువ్వూ తేలేని వెలుగు అది.

మా ఇంటి వెనక మేపుల్ చెట్టు కింద ఉన్నది వెండి రంగుది. దాని పక్కన హోస్టా మొక్క, అరచేతికి రెండింతలుండే ఆకులు. వాన వెలిశాక వెళ్లి చూస్తే ఆకు చివర వేలాడే నీటిబొట్టు, గాజులో దాని జత బొట్టు, రెండూ ఒకదానివైపు ఒకటి సాగుతుంటాయి. బొట్టు గాజుకు తగలగానే రెండూ ఒకటైపోయి గోళం ఒంపు మీదుగా జారిపోతాయి. దిమ్మె మీద పెట్టిన గోళం దగ్గర ఇలాంటిది ఒక్కటీ జరగదు, దాన్ని ముట్టుకునేంత దగ్గరగా ఏ మొక్కా ఉండదు కాబట్టి.

ఇది స్కూల్లో మనం చదువుకున్న కుంభాకార దర్పణమే. ప్రతిబింబం నిటారుగా, చిన్నదిగా, అద్దం వెనక ఏర్పడుతుంది. గోళం వ్యాసం 10 అంగుళాలైతే నాభ్యంతరం రెండున్నర అంగుళాలు. దగ్గరి మొక్క, కంచె అవతలి చెట్టు, ఆపైన మబ్బు, అన్నీ గాజు వెనక ఆ రెండున్నర అంగుళాల లోతులోనే సర్దుకుంటాయి. ఇక ఎండ సంగతి. బల్లపరుపు అద్దం సూర్యకాంతినంతా ఒకవైపే కొట్టి కళ్లు బైర్లు కమ్మిస్తుంది. గోళం దాన్ని అన్ని దిక్కులకూ సమానంగా పంచిపెడుతుంది. తోటలో ఎటునుంచి చూసినా ఒక చుక్కంత సూర్యుడు దానిమీద ఉంటాడు, కళ్లకు మాత్రం హాయిగానే ఉంటుంది.

ఎండకు గడ్డి అంటుకోదా అని చాలామంది అడుగుతారు. లోపల బోలుగా ఉండే అద్దపు గోళంతో ఆ భయం లేదు, అది కిరణాలను చెదరగొడుతుందే తప్ప ఒకచోటికి చేర్చదు. నిండుగా, పారదర్శకంగా ఉండే గాజు గోళం సంగతి వేరు. అది భూతద్దం పని చేస్తుంది. దాన్ని ఎండలో అసలు పెట్టొద్దు.

తోటలో గాజుతో వెలుగును ఆడించాలన్న కోరిక చాలా పాతది. ఫ్రాన్సిస్ బేకన్ 1625 నాటి తన వ్యాసంలో తోట కమానుల మధ్య ఖాళీల పైన సూర్యుడు ఆడుకోవడానికి బంగారు పూత వేసిన గుండ్రటి రంగు గాజు పలకలు ఉండాలని రాశాడు. గోళాలను జర్మన్లు గులాబీ మొక్కల మధ్య కర్రలకు గుచ్చి పెట్టుకునేవారు, ఇప్పటికీ పెట్టుకుంటారు. తూరింగియాలోని లౌషా ఊళ్లో 1597 నుంచీ గాజు పని ఉంది. క్రిస్మస్ చెట్టుకు కట్టే గాజు బంతులకు పేరుపడిన ఊరు అదే. గోళాన్ని ఊదాక అడుగున పొట్టి మెడ మిగులుతుంది. సిల్వర్ నైట్రేట్, అమోనియా, చక్కెర కలిపిన ద్రావణాన్ని ఆ మెడలోంచి పోసి తిప్పితే లోపలి గోడకు వెండి పట్టుకుంటుంది. 19వ శతాబ్దంలో రసాయన శాస్త్రవేత్త లీబిగ్ చూపించిన దారి ఇది. శిల్పి జెఫ్ కూన్స్ ఇదే రాష్ట్రంలో యార్క్‌లో పెరిగినవాడు. 2013లో గ్రీకు, రోమన్ శిల్పాల తెల్లటి ప్లాస్టర్ నకళ్ల మీద నీలి గోళాలు నిలబెట్టి న్యూయార్క్‌లో ప్రదర్శన పెట్టాడు. చిన్నప్పుడు ఊళ్లో ఇళ్ల ముందు చూసిన గోళాలే అవి.

పక్కవీధిలో ఉండే తెలుగమ్మాయి మొదటిసారి మా తోటకు వచ్చినప్పుడు, "ఆంటీ, ఇది దిష్టికా?" అంది. ఆ మాట నాకు నచ్చింది. ఇంగ్లండులో ఒకప్పుడు మంత్రగత్తెల చూపు తగలకుండా కిటికీల్లో గాజు బంతులు వేలాడదీసేవారు మరి. "దిష్టికి కాదమ్మా, నీడకి" అని చెప్పి, వంగి చూడమన్నాను. చాలాసేపు లేవలేదు.

కొనేవాళ్లకు నా మాట: గాజుదే కొనండి. స్టీలుది పగలదు, నిజమే, కానీ గాజు వెనక వెండి ఉన్నప్పుడు వచ్చే లోతు దానికి రాదు. నీడకు వెండి రంగో లేత ఆకుపచ్చో బాగుంటుంది. మెడను సిలికాన్‌తో మూసేయండి, తేమ లోపలికి పోతే వెండి నల్లబడి పొరలుగా ఊడిపోతుంది. నేలలో ప్లాస్టిక్ పైపు ముక్క దిగ్గొట్టి అందులో మెడ దించితే గాలికి దొర్లదు. మంచు పడకముందే ఇంట్లోకి తెచ్చుకోవాలి. లోపల నీళ్లు చేరి గడ్డకడితే గాజు చిట్లుతుంది. ఒక తోటకు ఒక్క గోళం చాలు. రెండోది పెడితే ఒకదానిలో ఒకటి కనిపిస్తూ మొక్కలకు చోటు లేకుండా చేస్తాయి.

వసంతంలో ఇంకో పని ఉంటుంది. ఎర్ర కార్డినల్ మగపిట్ట గోళంలో తనను తాను చూసుకుని, ఇంకెవరో తన జాగాలోకి చొరబడ్డారనుకుని ముక్కు అరిగేలా పొడుస్తుంది. అలా పొద్దస్తమానం పోట్లాడితే దాని గూటి పని ఏమవుతుంది? ఈ రోజుల్లో నా గోళం మీద పాత దుప్పటి కప్పి ఉంటుంది. ఆ మూల చీకటిగానే ఉంటుంది, ఉండనీ. పిట్ట అటు రావడం మానేశాక తీస్తాను.