ఐదు ముక్కల చిరునామా

రావు సి.ఆర్., 45, బులెటిన్ ఆఫ్ ది కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ, 37, 81.

రచయిత పేరు, సంవత్సరం, పత్రిక, సంపుటం, మొదటి పుట, అంతే. శీర్షిక లేదు. దేని గురించి రాశారో లేదు. యూజీన్ గార్‌ఫీల్డ్ తయారుచేసిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అచ్చు సంపుటాల్లో ఒక పేపరుకి దక్కిన చోటు ఈ పాటిదే. దాని కింద, ఆ పేపర్ని తమ పేపర్లలో పేర్కొన్నవాళ్లు ఇదే పద్ధతిలో బారుగా ఉండేవారు. పనితనమంతా ఈ పొదుపులోనే ఉందని నాకనిపిస్తుంది.

ఏ పేపరు చివర చూసినా ఆధారాల పట్టిక ఉంటుంది. ఈ రచయిత ఎవరెవర్ని చదివాడో అది చెబుతుంది. తర్వాత ఇతన్ని ఎవరు చదివారో మాత్రం చెప్పలేదు, ఎందుకంటే ఆ పేపర్లు అప్పటికింకా పుట్టలేదు. వేల పట్టికల్ని ఒకచోట పోసి, తిరగేసి పేర్చితే? లాయర్లు ఆ పని గార్‌ఫీల్డ్ కన్నా ముందే చేస్తున్నారు. 1873లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఫ్రాంక్ షెపర్డ్ జిగురు చీటీలు అచ్చువేయించి అమ్మాడు. తీర్పుల పుస్తకంలో పాత తీర్పు పక్కన చీటీ అంటించుకుంటే, దాన్ని తర్వాత ఏ కేసులో సమర్థించారో, ఏ కేసులో కొట్టేశారో ప్లీడరుకి తెలిసేది. కొట్టేసిన తీర్పు పట్టుకుని జడ్జి ముందు నిలబడే ప్రమాదం తప్పేది. అదే ఏర్పాటు శాస్త్రాలకీ కావాలని గార్‌ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో రాశారు. 1961 నాటి పేపర్లతో వచ్చిన మొదటి ఇండెక్స్ 613 జర్నళ్లనీ, 14 లక్షల సైటేషన్లనీ ఎక్కించుకుంది.

శీర్షికా విషయమూ వదిలేయడం ఎంత తెలివైన పనో పై వరస మీదే చూడవచ్చు. 1945లో ఏ లైబ్రేరియనైనా రావుగారి పేపర్ని గణాంకశాస్త్రం అరలో పెడతాడు. అందులో కొలతలకి జ్యామితిని జోడించిన ఆలోచన ఒకటుంది. దశాబ్దాల తర్వాత దాన్నుంచి ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే శాఖ ఎదిగింది. లేని శాఖ పేరు కార్డు మీద ఎవరు రాయగలరు? సైటేషన్‌కి ఆ పేరుతో పనే లేదు. జ్యామితి వాళ్లు రావుగారిని పేర్కొనగానే ఆ వరస కింద చేరిపోతారు. ఏ పేపరు దేనికి చుట్టమో లైబ్రేరియన్ కాకుండా తర్వాత రాసినవాళ్లే తేలుస్తారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన సి.ఆర్. రావుగారు అప్పటికి ఇంచుమించు పాతికేళ్లవారు. క్లాసులో ఆయన గణాంకవేత్త ఫిషర్ ఫలితమొకటి చెబుతుంటే, పెద్ద శాంపిళ్లకి నిజమైనది చిన్నవాటికీ నిరూపించలేమా అని దండేకర్ అనే విద్యార్థి అడిగారు. రావుగారు ఆ రాత్రే నిరూపించారు. పదకొండు పుటల ఆ పేపర్లోనే, ఒక అంచనా ఎంతకు మించి కచ్చితం కాలేదో చెప్పే క్రామర్-రావు హద్దూ ఉంది, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతమూ ఉంది.

అయితే రాడార్ మీద పనిచేసే ఇంజినీరు క్రామర్-రావు హద్దుని రోజూ వాడుతూ కూడా 1945 పేపర్ని తన పట్టికలో వెయ్యడు. అవసరం లేదు, అది పాఠ్యపుస్తకంలోకి ఎక్కేసింది. ఇలా అందరిదీ అయిపోయి మూలం మరుగునపడటాన్ని సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించి పేరు పెట్టారు. గార్‌ఫీల్డ్ కూడా దాని గురించి రాశారు. తన పనిముట్టు ఎక్కడ గుడ్డిదో చెప్పగలిగినవాడి మీద నాకు గౌరవం ఎక్కువ. 2005లో హిర్ష్ తెచ్చిన హెచ్ ఇండెక్స్, సైటేషన్లు లెక్కపెట్టి, మనిషి చదువునంతా ఒక్క అంకెకి కుదిస్తుంది. ఆ అంకె కన్నా కింద వరసల్లో ఎవరున్నారో చదవడమే నాకిష్టం.

ఆ వరసలన్నీ రచయిత పేరుతోనే మొదలవుతాయి; పేర్ల చిక్కు మనవాళ్లకి బాగా తెలుసు. రావుగారి ఇంటిపేరు కల్యంపూడి, ఇండెక్స్ మాత్రం ఆయన్ని 'రావు' కింద వేస్తుంది. రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావుకీ ఆయనకీ అక్కడ ఒక్క అక్షరమే తేడా. 2012లో మొదలైన ఆర్కిడ్ (ORCID) అనే ఏర్పాటు ఒక్కో పరిశోధకుడికి పదహారు స్థానాల గుర్తింపు ఇచ్చి ఈ చిక్కు తీయాలని చూస్తోంది.

సైటేషన్లే కాక, పేపర్లు కలిసి రాసినవాళ్ల మధ్య అల్లుకునే వల గురించి కూడా చెప్పాలి. 2001లో మార్క్ న్యూమన్ ఆ బంధాలకి తూకం కట్టిన తీరు ముచ్చటైనది. ఇద్దరే రాస్తే ఆ ఇద్దరి మధ్య బంధం ఒకటి. పదకొండుమంది రాస్తే ఏ ఇద్దరి మధ్యనైనా పదోవంతే. అంటే పేపరు ఎంత పెద్ద గుంపుదైనా ఒక్కో రచయితకి దాన్నుంచి దక్కే మొత్తం ఒకటే. గుంపు పెద్దదైనంత మాత్రాన వలలో బలం పెరగదు.

రావుగారి 1945 పేపరుకి రచయిత ఆయనొక్కరే. ఒంటరిగా రాసిన పేపరు ఈ వలలో ఒక్క దారమూ వెయ్యదు. దండేకర్ అడిగిన ప్రశ్న కూడా ఈ వలలో ఎక్కడా కనపడదు.