‘మా ఊరి కథ లెక్కనే ఉంది’: వేసవిలో చదివిన ‘చిల్లర దేవుళ్లు’

గత పాఠంలో నవలా లక్షణాలు తెలుసుకున్నారు. ఇతివృత్తం, పాత్రచిత్రణ, నేపథ్యం, శైలి అనే మాటలు మీకిప్పుడు కొత్త కావు. కానీ వేసవిలో ఒక నవల చదివి ఆదివారం తరగతికి అధ్యయన కేంద్రానికి వచ్చిన విద్యార్థులను ‘ఎట్లుంది?’ అని అడిగి చూడండి. ఈ మాటల్లో ఒక్కటీ వినిపించదు. ‘బాగుంది సార్’ అంటారు. ఇంకొంచెం కదిలిస్తే ‘మా ఊరి కథ లెక్కనే ఉంది’ అంటారు. ఈ పాఠం ఆ రెండో మాట గురించి.

వేసవి చదువు అనగానే చల్లని నీడలో తీరిగ్గా పుస్తకం తిప్పడం గుర్తొస్తుంది. భూపాలపల్లి వైపు వేసవి అట్లా ఉండదని మీకు నేను చెప్పనక్కరలేదు. ఇప్పపువ్వు ఏరడం అయిపోయి తునికాకు కల్లాలు మొదలయ్యే కాలమది. సింగరేణి గనుల్లో షిఫ్టులు ఎండను చూసి ఆగవు. దూరవిద్యలో చేరినవారిలో ఎక్కువమంది పగలంతా పని చేసి రాత్రి చదివేవాళ్లే. అట్లా దొంగిలించుకున్న గంటల్లో చదివిన నవల గురించి ‘బాగుంది’ అని ఊరుకోవడం మీ కష్టానికి న్యాయం కాదు.

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలను తీసుకుందాం. రంగాచార్య 1928లో ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని చిన్నగూడూరులో పుట్టాడు. కవి దాశరథి కృష్ణమాచార్యకు తమ్ముడు. నిజాం వ్యతిరేక పోరాటంలో పాల్గొన్నవాడు. 1969 నాటి ఈ నవలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, ఆ తర్వాత సినిమాగానూ తీశారు. కథాకాలం నిజాం పాలన, ఇంకా సాయుధ పోరాటం మొదలుకాని రోజులు. దేశ్‌ముఖ్ గడి, కరణం ఇల్లు, వెట్టి చేసే ఊరు. ఆ ఊరికి ఆంధ్ర ప్రాంతం నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ సారంగపాణి అనే సంగీతజ్ఞుడు వస్తాడు.

ఇప్పుడు ‘మా ఊరి కథే’ అన్న మాట దగ్గరికి వద్దాం. ఈ మాటను తక్కువ చేయకండి. గోడలు కూలిన గడి పక్కనుంచి బడికి వెళ్లిన విద్యార్థికి ఈ నవలలో తెలిసేవి, దూరప్రాంతపు పాఠకుడికి నిఘంటువు చూసినా తెలియవు. అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. తెలిసిన దారిలో నడిచేటప్పుడు మనం కిందికి చూడం. ‘ఇది నాకు తెలిసిందే’ అనుకున్న పాఠకుడు పుటలు తిప్పుతాడు కానీ చదవడం మానేస్తాడు. అతని నుంచి వచ్చే అభిప్రాయం నవల గురించి ఉండదు, తన ఊరి గురించి ఉంటుంది.

గైడు చదివి వచ్చిన వాళ్ల చిక్కు వేరు. ‘ఈ నవల తెలంగాణ ప్రజల దోపిడీని కళ్లకు కట్టినట్లు చిత్రించింది’ అని రాస్తారు. ఈ వాక్యానికి ఒక పరీక్ష పెట్టండి. అందులో నవల పేరు తీసేసి వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ పేరు పెట్టండి. వాక్యం చెక్కుచెదరదు. ఏ పుస్తకానికైనా సరిపోయే వాక్యం ఈ పుస్తకం గురించి ఏమీ చెప్పలేదన్నమాట. (ఇట్లాంటి వాక్యాలు దిద్దడంలోనే నా ఉద్యోగకాలం చాలావరకు గడిచింది.)

ఆ రెండు నవలల్ని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి తెలంగాణలో పుస్తకాన్ని జనం దగ్గరికి చేర్చినవాడు, జైలు జీవితం గడిపినవాడు. ఆయన నవలలో అన్యాయాన్ని నిలదీసే కంఠీరవం ఆ ఊరివాడే. రంగాచార్య మాత్రం ఊరిని చూసే కళ్లను బయటినుంచి తెచ్చాడు. ఎందుకు? ఇది అడగవలసిన ప్రశ్న. 2014 తర్వాత కాలేజీ మెట్లెక్కిన మీ తరం దీన్ని కొంచెం కోపంగానే అడుగుతుంది. ‘మన బాధ చూడనీకి ఆంధ్ర నుంచి ఒకాయన రావాల్నా సార్?’

ఆ కోపంలో న్యాయముంది. కానీ జవాబు తొందరపడి చెప్పకండి. వెట్టిలో పుట్టి వెట్టిలో పెరిగినవాడికి అది ఎండాకాలం ఎండ వంటిది. బాధ తెలుసు, కానీ ‘ఎందుకు?’ అని ఎవరూ అడగరు. కొత్తగా వచ్చినవాడికి ప్రతిదీ వింతే. ఈ మనిషికి కూలి ఎందుకివ్వరు, ఆ పిల్ల గడిలో ఎందుకుంటోంది అని అతను తడబడిన ప్రతిచోటా పాఠకుడు కూడా ఆగి చూడవలసి వస్తుంది. పాణి పాత్ర వల్ల రచయితకు దొరికిన లాభం ఇది. నా అంచనాలో చాలా పెద్ద లాభం. దీనికి చెల్లించిన మూల్యం కూడా ఉంది, దాని సంగతి చివర చూద్దాం.

నవల పేరును కూడా మీరు తొందరగా దాటేస్తారు. చిల్లర దేవుళ్లంటే దొర, కరణం అని రాసి మార్కులు తెచ్చుకుంటారు. అది తప్పు కాదు. కానీ చిల్లర అన్నాక, మార్చిన నోటొకటి ఉండాలి కదా. హైదరాబాదులో ఉన్న పెద్ద అధికారం ఊరివాడికి ఎన్నడూ కనబడదు. అది దేశ్‌ముఖ్‌గా, కరణంగా, వాళ్ల మనుషులుగా చిల్లరైపోయి ఇంటింటికీ చేరుతుంది. ‘చిల్లర’కు నీచమైన అనే అర్థం కూడా మన వాడుకలో ఉంది. ఆ మాట ఈ రెండు అర్థాలనూ ఒకేసారి మోస్తోంది. ‘దేవుళ్లు’ అనే మాట ఇంకా పదునైనది. దొరకు భయపడటం వేరు, దొరను మొక్కడం వేరు. ఊరు ఈ రెంటినీ ఎక్కడెక్కడ కలిపేసుకుందో నవలలో గుర్తుపట్టండి.

ఇక, నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే విద్యార్థి మాట వేరే ఉంది: ‘మా తాత చెప్పినదాంట్ల సగం గూడ లేదు సార్ ఇండ్ల.’ జనగామ, పాలకుర్తి వైపు ఇళ్లలో ఈ మాట రావడం సహజం. నవల తాత సాక్ష్యం కంటే తక్కువ చెప్పిందంటే రచయిత దాచాడని కాదు. దేన్ని ఎక్కడ ఆపాలో ఎంచుకున్నాడని అర్థం. దేవరుప్పుల దగ్గర కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్య తూటాకు బలయ్యాడు. అక్కడినుంచి ఏం జరిగిందో మీకు తెలుసు. ఈ నవలలోని మనుషులకు మాత్రం అదేమీ తెలియదు, వాళ్ల కథ అంతకుముందే ఆగిపోతుంది. తర్వాతి కాలాన్ని రంగాచార్య ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలల్లోకి తీసుకెళ్లాడు. ఇక్కడ ఒక మనిషి తలవంచుకొని వెట్టికి పోతుంటే, ఇదే నేల మీద కొన్నాళ్లకు జనం కర్ర పట్టుకుంటారని మీకు తెలుసు, అతనికి తెలియదు. ఆ తేడా వల్ల మామూలు సన్నివేశం కూడా బిగుసుకుంటుంది. తాత చెప్పిన కథ ఇక్కడ పనికొస్తుంది. దాన్ని నవల తప్పులు వెతకడానికి వాడకండి, నవల మౌనంగా వదిలిన చోటును వినడానికి వాడండి.

భాష సంగతి. ఈ నవలలో ఊరివాళ్లు తెలంగాణ తెలుగులో, ఉర్దూ మాటలు కలిసిన తెలుగులో మాట్లాడతారు. ఆ రోజుల్లో నవలకు ఇది సాహసమే, దీనికి రంగాచార్యకు దక్కిన పేరు న్యాయమైనదే. కానీ కథ చెప్పే గొంతు పుస్తకాల తెలుగులోనే ఉంటుంది. అంటే మీరు ఇంట్లో మాట్లాడే భాష కొటేషన్ గుర్తుల మధ్య ఉంది, మీ చేత పరీక్షలో రాయించే భాష వాటి బయట ఉంది. ‘చేసిండు’ అని రాస్తే ఎర్రసిరా పడిన అనుభవం మీలో కొందరికి ఉండే ఉంటుంది. ఊరివాళ్లకు మాట్లాడే హక్కు ఇచ్చిన నవల, కథ చెప్పే హక్కు ఇచ్చిందా? 1969ని దృష్టిలో పెట్టుకొని ఆలోచించండి. ఇచ్చి ఉంటే ఆనాడు ఎవరు అచ్చువేసేవారు, ఎవరు చదివేవారు అన్నది కూడా ఆలోచించండి. నా మట్టుకు నేను రచయితను తప్పుపట్టను, కానీ ఆ గీత అక్కడ ఉందని చూడకుండా ఉండలేను.

పాణి వల్ల చెల్లించిన మూల్యం గురించి చెబుతానన్నాను. చూసే కళ్లు అతనివి కాబట్టి ఊరివాళ్లు ఎక్కువగా కనబడే మనుషులవుతారు, చూసే మనుషులు కారు. దీని బరువు అందరికంటే ఎక్కువగా పడింది ఆడబాపల మీద. దొర బిడ్డకు పెళ్లయితే ఆమెతో పాటు అత్తవారింటికి దాసిగా పంపే ఆడపిల్ల ఆడబాప. ఆమె శరీరం మీద కూడా గడికే హక్కు. ఈ ఆచారాన్ని నవలలోకి తెచ్చినందుకు రంగాచార్యకు మనం రుణపడి ఉన్నాం. అయితే దేశ్‌ముఖ్ కూతురు మంజరికీ పాణికీ మధ్య అల్లుకున్న ప్రేమకథ, గడిలోని వనజ వంటి అమ్మాయి మనసులోకి వెళ్లడానికి ఉండాల్సిన చోటును ఆక్రమించిందని నా అభిప్రాయం. చదివించే గుణం ప్రేమకథ వల్లే వచ్చింది, నిజమే. సినిమాకు పనికొచ్చింది కూడా అదే అయి ఉంటుంది.

నాతో ఏకీభవించవలసిన పని లేదు. నవల మళ్లీ తిప్పి, వనజను ఇతరులు చూస్తున్న పుటలు ఏవి, వనజ తానే చూస్తున్న, అనుకుంటున్న పుటలు ఏవి, వేరువేరుగా పెన్సిలుతో గుర్తుపెట్టండి. రెండో రకం ఎక్కువ తేలితే నేను చెప్పింది నిలవదు. వచ్చే ఆదివారం తరగతికి ఆ పుటల నంబర్లు రాసుకొని రండి.